నీళ్లపాలు

కోదాడలో ఒక ఇల్లు. ఆ ఇంటికి కూతవేటు దూరంలో 65వ నంబరు జాతీయ రహదారి. హైదరాబాదు బస్సులు, విజయవాడ లారీలు పగలూ రాత్రీ పోతూనే ఉంటాయి. ఊరు దాటితే సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండే వరి పొలాలు. ఆ ఇంట్లో ముగ్గురు. సేద్యం చేసే కొడుకు, మిషను కుట్టే కోడలు, ఇద్దరికీ పెద్దదిక్కుగా అత్త.

కోడలు జాకెట్లు కుట్టేది, చీరలకు ఫాల్స్ వేసేది. వచ్చిన డబ్బు కూరగాయలకు, కరెంటు బిల్లుకు సరిపోయేది. ఒక ఏడాది ఆడబిడ్డ పురిటికి పుట్టింటికొచ్చింది. నెలలు నిండకముందే అత్త ట్రంకుపెట్టె తెరిచి, మామ కట్టి విడిచిన పంచెలు, తన పాత నేత చీరలు తీసి కోడలి ముందు పెట్టింది.

"పుట్టబోయే పిల్లకు వీటితో కుట్టు బిడ్డా. కొత్త గుడ్డ వద్దు."

కోడలు కుట్టింది. జబ్లాలకు గుండీలు పెట్టలేదు, పక్కన ముడేసుకునే తాళ్లు పెట్టింది. అత్త చెప్పినట్టు కుట్టు అంచులు లోపలికి కాకుండా బయటికి వచ్చేట్టు తిప్పింది, పిల్ల చంకలో ఒరుసుకోకుండా. లంగోటీలు, కుల్లాయిలు, పొత్తిగుడ్డలు, నాలుగు పొరల చీర ముక్కలతో ఒక బొంత. ఇరవై ఒకటో రోజున పిల్లను తొట్టెలలో వేస్తే చూడ్డానికొచ్చిన చుట్టాలు పిల్ల కన్నా ముందు ఆ బొంతను పట్టుకుని చూశారు. హుజూర్‌నగర్ నుంచి వచ్చిన పిన్ని ఒక మూట కుట్టిపెట్టమంది. మిర్యాలగూడ మేనత్త రెండు కావాలంది. అవతలి గట్టున జగ్గయ్యపేటలో ఉండే వాళ్ల తోడికోడలు నలుగురికి చెప్పింది.

అట్లా మొదలైంది వ్యాపారం. పన్నెండు జబ్లాలు, రెండు డజన్ల లంగోటీలు, నాలుగు పొత్తిగుడ్డలు, రెండు కుల్లాయిలు, ఒక బొంత. అన్నీ కలిపి దానికి 'పురిటి మూట' అని పేరు పెట్టుకుంది కోడలు.

అయితే అమ్మే సరుకుకు ఇంట్లో పాత పంచెలు ఎన్నని ఉంటాయి? పెట్టె అడుగు కనపడింది. గుడ్డ కొనక తప్పలేదు. మొదట ఊళ్లోనే కటింగ్ ముక్కలు తెచ్చి కుట్టింది. ఒక ముక్కకు ఇంకో ముక్క రంగు కలవదు, పన్నా కలవదు. ఏకంగా తానే కొంటే మేలని ఒకరోజు పొద్దున్నే బస్సెక్కి పెద్ద పట్నం టోకు బజారుకు పోయింది.

కొట్టాయన పరుపు మీద రెండు తానులు దొర్లించాడు. ఒకటి కోరా మల్లు. గోధుమ వన్నెలో, ఏ బొమ్మా లేకుండా, కడగని బియ్యంలా వెలవెలబోతోంది. రెండోది పాల తెలుపు మీద చిలకలు, ఏనుగు పిల్లలు అచ్చేసిన కాటన్. ట్యూబులైటు కింద తళతళలాడుతోంది. చేత్తో నిమిరితే జారిపోతోంది. రెండూ 20 మీటర్ల తానులే, రెండూ 44 అంగుళాల పన్నాలే. ధరలో పెద్ద తేడా లేదు. కోడలి చేయి చిలకల దగ్గరే ఆగిపోయింది.

"పసిపిల్లలకా అమ్మా? ఏ గుడ్డయినా ఒక్కసారి నీళ్లలో వేసి, ఆరినాక కోసుకోండి" అన్నాడు కొట్టాయన, కాగితంలో చుడుతూ.

కోడలు తలూపింది. మనసంతా అప్పటికే చిలకలున్న జబ్లాల మీద ఉంది.

ఇంటికి తెచ్చిన తానును అత్త ముట్టుకుని చూసింది. ఏమీ అనకుండా ఒక మీటరు కొలిచి కత్తిరించి, వేడినీళ్లలో కాసేపు నానబెట్టి, కుంకుడు రసంతో పిండి ఆరేసింది. సాయంత్రానికి ఆరిన ముక్కను టేపు పెట్టి కొలిస్తే 96 సెంటీమీటర్లే ఉంది. నునుపు పోయింది. బకెట్లో నీళ్లు గంజి నీళ్లలా తెల్లబడి, ఆ మీద లేత ఆకుపచ్చ తిరిగాయి.

"తానంతా ఇట్లనే తడపాలె బిడ్డా" అంది అత్త.

కోడలు లెక్కలో గట్టిది. మీటరుకు నాలుగు సెంటీమీటర్లు పోతే 20 మీటర్లకు 80. ఎనభై సెంటీమీటర్లంటే ముప్ఫై ఒక్క అంగుళాల పైమాట. అప్పుడే పుట్టిన పిల్లల జబ్లాకు పదిన్నర అంగుళాల వరస. 44 పన్నాలో ఒక్కో వరసకు రెండు జబ్లాలు. మూడు వరసలంటే ఆరు జబ్లాలు.

"ఆరు జబ్లాలు నీళ్లపాలు అత్తమ్మా!" అంది. "పైగా తడపడానికి ఒక రోజు, ఆరడానికి ఒక రోజు, ఇస్త్రీకి ఇంకో పూట. మిర్యాలగూడ వాళ్లు ఆదివారానికే కావాలంటున్నారు."

అత్త ఆ 96 సెంటీమీటర్ల ముక్కను మడిచి పక్కన పెట్టుకుంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కోడలు తడపకుండానే కోసింది. బిరుసుగా ఉన్న కొత్త గుడ్డ కత్తెరకు చక్కగా తెగింది, మిషను కింద చెప్పినట్టు విన్నది. మూటలు తయారయ్యాయి. చూసినవాళ్లంతా చిలకలను చూసి మురిసిపోయారు. ఆరు జబ్లాలు మిగిలినందుకు కోడలూ మురిసిపోయింది. ఇంకో తాను తెచ్చింది. దాన్నీ తడపలేదు.

వరి కోతల కాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం, ఊళ్లోనే ఇంకో వాడకట్టు నుంచి ఒక బాలింత, తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. రెండు నెలల పిల్లవాడు ఒళ్లో ఉన్నాడు. కోడలు ఎదురెళ్లి చాప వేసింది. బాలింత సంచిలోంచి ఒక జబ్లా తీసి చాప మీద పరిచింది. ఇంకేమీ మాట్లాడలేదు.

కోడలు దాన్ని చూసి తను కుట్టింది కాదేమో అనుకుంది. వేడినీళ్లలో ఉతికీ ఉతికీ జబ్లా పొట్టిదయిపోయింది. గుడ్డ ముడుచుకుంది, లోపలి దారం ముడుచుకోలేదు. కుట్టు పొడుగునా చీమల బారులా ముడతలు. మెడ చుట్టూ వేసిన పట్టీ బిగుసుకుంది. చిలకల ముక్కుల ఎరుపు కారి తెలుపు మీద మరకలు కట్టింది.

అప్పుడు బాలింత పిల్లవాడి గడ్డం మెల్లగా పైకెత్తింది. మెడ మడతలో, పాలు కారి తడిసే చోట, ఒక ఎర్రటి గీత. గోరుతో గీసినట్టు సన్నగా, ఈ చెవి కింది నుంచి ఆ చెవి కిందికి. పిల్లవాడు నవ్వబోయి, మెడ కదలగానే మొహం చిట్లించాడు.

"ఆసుపత్రిలో చూపించినం అక్కా, భయమేం లేదన్నరు. వదులు బట్టలు వెయ్యమన్నరు" అంది బాలింత. కాసేపాగి, "రెండు రాత్రులు ఒకటే ఏడుపు. ఆకలనుకున్న, కడుపునొప్పి అనుకున్న. గుడ్డ అనుకోలే. మీరు కుట్టిందాయె, నేనెందుకు అనుకుంట?"

తిట్టి ఉంటే కోడలికి కొంత తేలికయ్యేది. ఆ చివరి మాట మాత్రం గుండెలో దిగబడింది.

వాళ్లు వెళ్లాక మిషను ముందు కూర్చోలేకపోయింది. లేచి కల్లం దగ్గరికి పోయింది. అక్కడ అత్త వడ్లు ఎండబోస్తోంది. పట్టాల మీద పరచిన వడ్ల మధ్య నడుస్తూ పాదాలతో చాళ్లు తీస్తోంది. అడుగున ఉన్నవి పైకి తేలి ఎండ తగలాలని. కొడుకు ఐకేపీ కొనుగోలు కేంద్రానికి పోయి తిరిగొచ్చాడు. తేమ 17 శాతం మించితే తూకం వెయ్యరు, మిషను పెడితే 22 చూపించిందట. ఇంకా రెండు ఎండలు కావాలి.

కోడలు జబ్లాను అత్త చేతిలో పెట్టింది. ఏడుస్తూ చెప్పింది. అత్త ఆ మెడ పట్టీలో రెండు వేళ్లు దూర్చబోయింది. పట్టలేదు.

"కూసో" అంది. గుప్పెడు వడ్లు తీసి కోడలి దోసిట్లో పోసింది. "ఇసొంటి వడ్లు ఇయ్యాల క్వింటాలు తూగినయనుకో. రెండు దినాలు ఎండినంక ఇవే వడ్లు ఎంత తూగుతయి?"

లెక్క తెలిసిన పిల్ల కదా. "తొంభై నాలుగు కిలోలు అత్తమ్మా, అటూ ఇటూగా."

"మరి ఆరు కిలోలు ఎవరు తీసుకపోయిన్రు?"

"ఎవరూ తీసుకపోలే. అవి నీళ్లే కద."

"నీళ్లే. మన వడ్లు ఏనాడూ తొంభై నాలుగే. తడితోని బస్తా కట్టి అమ్మినమనుకో, ఆరు కిలోలు లాభం వచ్చినట్టే కనపడుతది. బస్తాల నాలుగు దినాలుంటే లోపల వేడెక్కి బూజు పడతది, మొలకొస్తది. ఆ ఆరు కిలోలు మిగతా తొంభై నాలుగును తింటయి."

అత్త జబ్లాను ఒళ్లో పెట్టుకుని ముడతలు నిమిరింది.

"నీ ఎనభై సెంటీమీటర్లు కూడ అంతే బిడ్డా. అవి నీళ్లపాలయితయని ఏడ్చినవ్ ఆనాడు. పాలు అంటే ఏంది? వాటా. ఆ గుడ్డల అది నీళ్ల వాటా. నువ్వు కొన్ననాడే అది నీది కాదు. నీళ్ల వాటా నీళ్లకు నువ్వియ్యలే. నీళ్లు ఊరుకుంటయా? ఆ పసిగొడ్డు మెడ కాడికి పోయి వసూలు చేసుకున్నయి."

కోడలు దోసిట్లో వడ్లు అట్లాగే పట్టుకుని కూర్చుంది.

"పాత పంచెతో కుట్టమని ఎందుకన్ననో ఎరుకనా? పేదరికానికి కాదు. మీ మామ ఆ పంచెను ఏండ్ల తరబడి కట్టిండు, నేను ఏండ్ల తరబడి ఉతికిన. అది నీళ్లకు ఇయ్యాల్సిందంత ఇచ్చేసింది. దాంట్ల పోవాల్సిన రంగు లేదు, కారాల్సిన గంజి లేదు, ముడుచుకునే దారం లేదు. గుడ్డ తన బాకీలన్నీ తీర్చుకున్నంకనే పసిపిల్ల ఒంటి మీదికి పోవాలె."

మర్నాడు కోడలు తన నోటు పుస్తకం తీసింది. ఎవరెవరికి మూట ఇచ్చిందో వరసగా రాసి ఉంది. కోదాడలో ఉన్న ఇళ్లకు నడిచి పోయింది, మిర్యాలగూడకు బస్సెక్కి పోయింది, జగ్గయ్యపేటకు ఫోను చేసింది. "ఆ జబ్లాలు వెయ్యకండి. మీ డబ్బు ఇస్తా, లేకుంటే వేరేవి కుట్టిస్తా" అని చెప్పింది. కొందరు మా పిల్లకు ఏమీ కాలేదులే అన్నారు. వాళ్ల దగ్గరా వెనక్కి తీసుకుంది. ఆ సీజనులో సంపాదించింది మొత్తం పోయింది. తానుకు ఆరు జబ్లాలు మిగిల్చుకుని అరవై జబ్లాలు చెల్లించింది.

మళ్లీ గుడ్డ కొనే రోజు వచ్చినప్పుడు అత్తను వెంట తీసుకుపోయింది. ఈసారి తాను కొనలేదు. నాలుగు కొట్లు తిరిగి, నచ్చిన ప్రతి గుడ్డలో పావు మీటరు ముక్క అడిగి కొనుక్కుంది. ఇంటికి తెచ్చి వసారాలో వరసగా పరిచింది.

ప్రతి ముక్క అంచు నుంచి ఒక దారం లాగి, కాస్త దూరంగా పట్టుకుని దీపానికి చూపించింది. నూలు దారం కాగితంలా కాలి, ముట్టుకుంటే పొడై రాలింది. ఒక ముక్క దారం మాత్రం మంట తగలకముందే ముడుచుకుని, కొసన నల్ల పూసలా గట్టిపడింది. అందులో పాలియెస్టర్ ఉంది. దాన్ని పక్కన పడేసింది.

మిగిలిన వాటి మీద బాల్‌పెన్నుతో ఎనిమిదేసి అంగుళాల చదరం గీసింది. వేడినీళ్లు, సబ్బు, ఎండ. ఆరాక కొలిచింది. పడుగు దిక్కున ఎంత తగ్గింది, పేక దిక్కున ఎంత తగ్గింది, రెండూ పుస్తకంలో రాసుకుంది. ఒక ముక్కలో చదరం ఏటవాలుగా సాగిపోయింది. దాన్నీ తీసేసింది. తడి తెల్లగుడ్డతో రంగు ముక్కలను గట్టిగా రుద్దింది. తెల్లగుడ్డకు రంగు అంటినవన్నీ పోయాయి.

చివరికి మూడే మిగిలాయి. అత్త కళ్లు మూసుకుని ఒక్కొక్కదాన్నీ పైపెదవి మీద ఆనించుకుంది. "చేతులు పని చేసి చేసి కాయలు కాసినయి, వాటికి తెల్వది. పెదవికి తెలుస్తది" అంది. ఆమె ఎంచిన ముక్కను వెలుగులో చూస్తే, మొదటి రోజు కొట్లో వెలవెలబోతూ కనపడిన దానిలాంటి కోరా మల్లే. రెండుసార్లు నీళ్లలో పడేసరికి దూదిపింజలా విచ్చుకుంది.

అప్పుడు తానులు కొన్నది. డాబా మీద తాళ్లు కట్టింది. ఒక పక్క వడ్లు ఎండుతుంటే ఇంకో పక్క తానులు ఆరాయి. రెండు ఉతుకులయ్యాక గానీ కత్తెర పట్టలేదు. తగ్గిన గుడ్డను నష్టం కింద రాయడం మానేసి, పుస్తకంలో దానికొక గడి గీసింది. పైన 'నీళ్లపాలు' అని రాసింది. తాను ధర, దారం ధర, కరెంటు, తన కూలి, వాటి సరసనే అదీ ఒక ఖర్చు. మూట ధర ఆ మేరకు పెంచింది. ఎవరైనా "బజార్లో ఇంతకన్నా తక్కువకే వస్తున్నయి కదా" అంటే రెండు ముక్కలు చేతికిచ్చేది. ఒకటి తడపనిది, ఒకటి తడిపినది. "మీ పెదవికి ఆనించి చూడండి" అనేది. కొందరు కొన్నారు, కొందరు వెళ్లిపోయారు. వెళ్లిపోయిన వాళ్ల మీద ఆమెకు కోపం రాలేదు.

రెండేళ్లు గడిచాయి. ఆ మొదటి బాలింత మళ్లీ వచ్చింది. ఆమె చెల్లెలు నీళ్లాడబోతోందట. కొత్త మూట అడగడానికి వచ్చిందేమో అనుకుంది కోడలు. ఆమె సంచిలోంచి నాలుగు జబ్లాలు తీసింది. ఆనాడు బదులుగా కుట్టిచ్చినవే. పిల్లవాడు పెరిగాక ఉతికి, మడిచి, పెట్టెలో వేపాకు వేసి దాచిందట.

"చెల్లెకు ఇవి ఇస్తున్న అక్కా. తాళ్లు తెగినయి, అవొక్కటి కుట్టియ్యండి."

అత్త చేయి చాపి ఒక జబ్లా తీసుకుని పెదవికి ఆనించుకుంది. చాలాసేపు అట్లాగే ఉంచుకుంది.

"ఇప్పుడైంది బిడ్డా, గుడ్డ" అంది.

నీతి

నీళ్లకు ఇవ్వాల్సిన వాటా నీళ్లకు ముందే ఇచ్చెయ్యాలి. మనం దాచుకుంటే అది మనకన్నా బలహీనుల దగ్గర వసూలవుతుంది.

పసిబిడ్డకు గుడ్డ కొనడంలో ఒక విచిత్రం ఉంది. డబ్బిచ్చేది ఒకరు, మెచ్చుకునేది ఇంకొకరు, తొడుక్కునేది వేరొకరు. ఆ తొడుక్కునే ప్రాణికి గుడ్డ బాగా లేదని చెప్పే నోరు లేదు. ఏడుస్తుంది. ఆ ఏడుపును మనం ఆకలి అనుకుంటాం, దిష్టి అనుకుంటాం. గుడ్డకూ నోరు లేదు. నాలో గంజి ఉంది, నేను ముడుచుకుపోతాను, నా రంగు నిలవదు అని అది చెప్పుకోలేదు. నోరు లేని ఆ ఇద్దరి మధ్యా నోరున్నది కుట్టే మనిషి ఒక్కతే. అందుకే బిడ్డ తరఫున గుడ్డను ప్రశ్నించే పని ఆమెది.

తానులో గంజి ఉండటం ఎవరి మోసమూ కాదు. మగ్గం మీద పడుగు దారం తెగకుండా నిలవాలంటే గంజి పెట్టాల్సిందే. మగ్గానికి గంజి కావాలి, బిడ్డకు వద్దు. ఆ రెండింటి మధ్య ఒక బకెట్ నీళ్లు, రెండు రోజుల ఎండ ఉండాలి. అంతే.

రంగుల సంగతి ఇంకా లోతైనది. పిల్లలు గుడ్డను కప్పుకోవడంతో ఆగరు, నోట్లో పెట్టుకుని చప్పరిస్తారు. కొన్ని అజో రంగులు విడిపోయి క్యాన్సర్ తెచ్చే రసాయనాలుగా మారతాయని తేలాక, జర్మనీ 1994లో వాటిని కట్టడి చేసింది. మన కేంద్ర ప్రభుత్వం 1997లో 70 అజో రంగులను నిషేధించింది. చట్టం అంత దూరం వచ్చింది. మన వసారాలోకి వచ్చి తడి తెల్లగుడ్డతో రుద్ది చూడటం చట్టం పని కాదు, మన పని. ఆ రుద్దుడుతో రసాయనం పేరు తెలియదు, నిజమే. కారే రంగు బిడ్డ నోట్లోకి పోకుండా ఆపగలం.

మన దగ్గర ఈ ఓపిక కొత్తది కాదు. యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో తేలియా రుమాలు నేస్తారు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. దాని నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. ఆ తర్వాతే రంగు, ఆ తర్వాతే మగ్గం. అన్ని రోజులు నానితేనే నూలు రంగును పట్టి నిలుపుకుంటుంది, గుడ్డకు ఆ మెత్తదనం వస్తుంది. ఆ రోజులను అక్కడ ఎవరూ వృథా కింద లెక్కకట్టరు.

మనం 'నీళ్లపాలు' అన్న మాటను చేజారిన దానికి వాడతాం. ఆ కోడలు నోటు పుస్తకంలో గీసుకున్న గడిని తలుచుకుంటే ఆ మాటకు ఉన్న అసలు అర్థం తిరిగి కనపడుతుంది. వడ్లలో తేమది ఒక వాటా. తానులో నీళ్లది ఒక వాటా. తడి వడ్లు తూచి ఇచ్చినా, తడపని గుడ్డ కోసి కుట్టినా, మన లెక్కలో మిగిలినట్టు కనిపించేది ఇంకొకరి ఇంట్లో తగ్గే ఉంటుంది.

గుడ్డ కొనబోయే ప్రతి చెల్లెలికీ చెప్పాల్సిన మాట ఒకటే. తాను ధర అడిగేటప్పుడే నీళ్లపాలు కలిపి లెక్క వేసుకో. కుట్టిన జబ్లా ఎవరి పెట్టెలోనైనా పాత గుడ్డై, ఇంకో బిడ్డ కోసం ఎదురుచూసేలా కుట్టు.